ఫిత్రత్ పేరుతో సాగుతున్న అన్యాయం

మొన్న షవ్వాల్ మాసంలో మా పట్టణంలోని షాదీఖానాలో జరిగిన ఒక నికాహ్‌కు వెళ్లాను. వధువు తండ్రి పాతికేళ్లుగా నాకు తెలిసినవాడు. ఖుత్బా ముగిసి భోజనాలకు ఇంకా వ్యవధి ఉండటంతో, పొరుగు జిల్లా నుంచి వచ్చిన ఒక వక్త లేచి 'ఇస్లాంలో స్త్రీ స్థానం' అనే అంశంపై అరగంట ప్రసంగించారు. మొదటి పది నిమిషాలు బాగానే మాట్లాడారు. ఆ తర్వాత గొంతు పెంచి, పురుషుడు బుద్ధితో ఆలోచిస్తాడనీ, స్త్రీ హృదయంతో ఆలోచిస్తుందనీ, అది ఆమె ఫిత్రత్ అనీ, నేటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు సైతం ఈ సంగతిని నిరూపించారనీ, అందువల్ల నిర్ణయాల భారం ఆమెపై మోపడమే ఆమెకు చేసే అన్యాయమనీ సెలవిచ్చారు. సభికులు 'సుబ్‌హానల్లాహ్' అన్నారు. నా పక్కనున్న పెద్దమనిషి తల పంకించాడు. మర్యాద కొద్దీ నేనూ నోరు మెదపలేదు.

నోరు మెదపకపోవడానికి మర్యాద ఒక్కటే కారణం కాదు. ఆ ప్రసంగానికి గంట ముందు వకీల్ వెంట సాక్షిగా వధువు ఉన్న గదిలోకి వెళ్లిన ఇద్దరిలో నేనొకడిని. ఆ అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నది. రమజాన్‌లో మా ఇంటికి వచ్చి, పరీక్షలు ముగిసేవరకు పెళ్లి ఆపమని నాన్నకు చెప్పించండని నా భార్యను బతిమాలింది. నేను ఒకసారి చెప్పి చూశాను, ఆయన వినలేదు, అంతటితో నా బాధ్యత తీరిందనుకున్నాను. గదిలో వకీల్ వరుని పేరు, మహర్ మొత్తం చదివి అంగీకారం అడిగినప్పుడు ఆ పిల్ల మాట్లాడలేదు. పక్కనున్న మేనత్త ఆమె తలపై చేయి వేసి కిందికి వంచింది. 'ఒప్పుకున్నది, ఒప్పుకున్నది' అని నలుగురు స్త్రీలు ఒక్కసారిగా అన్నారు. సియాహాలో సాక్షి గడి ఎదుట నేను సంతకం చేశాను. ఆ సిరా ఆరకముందే, స్త్రీకి నిర్ణయాల భారం వద్దన్న ఉపన్యాసం విన్నాను.

మనస్తత్వ శాస్త్రం నిజంగా ఆ మాట నిరూపించిందా? నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. డిగ్రీలో చరిత్ర చదివి, ముప్పై నాలుగేళ్లు రెవెన్యూ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. అయితే ఫైలులో లేని కాగితాన్ని ఉన్నదని ఎవరైనా చెబితే పసిగట్టడం ఆ ఉద్యోగం నాకు నేర్పింది. పదవీ విరమణ తర్వాత తీరిక దొరికింది గనుక ఈ విషయమై దొరికిన పుస్తకాలు చదువుతూ వస్తున్నాను. ఆ వక్త చూపిన కాగితం ఫైలులో లేదని ధైర్యంగా చెప్పగలను.

ఒకప్పుడు ఉన్నమాట నిజమే. నూరేళ్ల కిందట పాశ్చాత్య విశ్వవిద్యాలయాల్లో పండితులు స్త్రీ బుద్ధి తక్కువదని ఘంటాపథంగా చెప్పేవారు. నెలసరి రోజుల్లో ఆమె మనసు అదుపు తప్పుతుందనీ, అందువల్ల బాధ్యతగల ఉద్యోగాలకు పనికిరాదనీ పుస్తకాల్లో రాశారు. న్యూయార్క్‌లో లీటా హాలింగ్‌వర్త్ అనే విదుషి, ఊరికే రాయడం ఎందుకు, కొలిచి చూద్దామని పూనుకున్నది. కొందరు స్త్రీలకు కొన్ని నెలలపాటు క్రమం తప్పకుండా చేతి నేర్పుకూ, జ్ఞాపకశక్తికీ, చురుకుదనానికీ సంబంధించిన పరీక్షలు పెట్టింది. ఆ రోజుల్లో పనితీరు పడిపోయిన దాఖలా కనిపించలేదని 1914లో ప్రకటించింది. పండితులు అప్పటిదాకా కొలవనే లేదు! ఫ్రాయిడ్ స్త్రీని ఏదో లోపించిన పురుషుడిగా వర్ణించాడు. ఆయన సంప్రదాయంలోనే శిక్షణ పొందిన కారెన్ హోర్నై 1920లలో ఎదురు తిరిగి, మీరు స్త్రీ మనసును చూడటం లేదు, పురుషుడి కళ్లకు స్త్రీ ఎలా కనిపిస్తుందో దాన్నే చూస్తున్నారని వాదించింది.

1974లో ఎలినార్ మాకబీ, కారొల్ జాక్లిన్ అనే ఇద్దరు పరిశోధకురాళ్లు అప్పటికి అచ్చయిన వెయ్యికి పైగా అధ్యయనాలను ముందు పెట్టుకుని జల్లెడ పట్టారు. ఆడపిల్లలు సులభంగా ఎదుటివారి మాటకు లొంగిపోతారు, వారిలో ఆత్మగౌరవం తక్కువ, లోతైన ఆలోచన చేతకాదు వంటి నమ్మకాలకు ఆధారం దొరకలేదు. 2005లో జానెట్ హైడ్ అనే ఆచార్యురాలు, అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన 46 సమగ్ర విశ్లేషణలను పరిశీలించింది. స్త్రీపురుషుల మధ్య కొలిచిన తేడాలలో 78 శాతం అతి స్వల్పమో, లేనట్టేనో అని తేలింది. తేడాలు అసలే లేవని ఆమె అనలేదు. బంతిని ఎంత వేగంతో విసరగలరన్నదానిలో పెద్ద తేడా ఉన్నది. శారీరక దూకుడులో, కామ ప్రవర్తనకు సంబంధించిన కొన్ని విషయాల్లో చెప్పుకోదగిన తేడా ఉన్నది. నిజం చెప్పేటప్పుడు సగం దాచకూడదు గనుక ఈ సంగతీ రాస్తున్నాను. మరి నిర్ణయం తీసుకునే బుద్ధి? అది మగవారికి దండిగా, ఆడవారికి కొరతగా పంచబడిందని ఏ లెక్కా చెప్పలేదు. బంతి వేగంగా విసరగలిగినవాడే కూతురి చదువు సంగతి నిర్ణయించాలని వక్త గారి ఉద్దేశమైతే అది వేరే మాట.

నేను చదివినవాటిలో మనసులో నాటుకుపోయిన పరిశోధన ఒకటున్నది. 1976లో అమెరికాలో కాండ్రీ దంపతులు చేశారు. తొమ్మిది నెలల పసిబిడ్డ బొమ్మలతో ఆడుకుంటున్న చిత్రాన్ని పెద్దలకు చూపించారు. సగం మందికి 'వీడు మగపిల్లవాడు' అనీ, మిగతా సగానికి 'ఇది ఆడపిల్ల' అనీ చెప్పారు. చిత్రం ఒక్కటే. మూత తీయగానే బొమ్మ పైకెగిరే పెట్టెను చూసి ఆ బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది. మగపిల్లవాడని విన్నవారు ఆ ఏడుపును కోపమన్నారు. ఆడపిల్లని విన్నవారు భయమన్నారు.

ఇది చదివిన రోజు నా మనవడిని, మనవరాలిని తలచుకున్నాను. ఇద్దరికీ ఏడాది తేడా. వాడు పళ్లెం విసిరికొడితే 'తాతలాగా పౌరుషం' అని ఇల్లంతా మురిసిపోతుంది. నేనే ముందు మురిసిపోతాను. అది విసిరికొడితే 'అత్తగారింట్లో ఇలాగే చేస్తావా?' అంటాము. దానికి నాలుగేళ్లు. అత్తగారింటి భయం నాలుగేళ్లకే పెట్టి, పదహారేళ్లకు అది బెదురుచూపులు చూస్తుంటే, చూశారా, స్త్రీ ఫిత్రత్‌లోనే బెదురున్నది అంటాము. కల్లంలో మనమే నీళ్లు పోసి, ధాన్యం తడిగా ఉన్నదని ధర తగ్గించడమంటే ఇదే.

ఇక ధర్మం సంగతి. వక్త గారు శాస్త్రాన్ని ఊతగా తెచ్చుకున్నారు గాని వారి అసలు బలం అది కాదు. స్త్రీలకు బుద్ధిలో కొరత ఉన్నదన్న అర్థం వచ్చే ఒక హదీసును పట్టుకుని తరతరాలుగా ప్రసంగాలు సాగుతున్నాయి. ఆ హదీసు సందర్భం ఏమిటో, సాక్ష్యం విషయానికీ నమాజు మినహాయింపుకూ అది ఎలా ముడిపడి ఉన్నదో ఉలమాలు చెప్పాలి. నేను ఆ పనికి అర్హుణ్ణి కాను. నా ప్రశ్న గుమాస్తా ప్రశ్న. హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా మనకు చేరిన హదీసులు 2,210 అని హదీసు పండితులు లెక్కించారు. దైవప్రవక్త (స) ఇంట్లో ఎలా ఉండేవారు, రాత్రి నమాజు ఎలా చేసేవారు, గుస్ల్ ఎలా చేసేవారు అన్నవాటిలో ఎంతో భాగం ఆమె జ్ఞాపకం మీద, ఆమె వివేచన మీద నిలిచి ఉన్నది. పెద్ద పెద్ద సహాబాలు పొరబడినప్పుడు ఆమె సరిదిద్దేది. ఒక స్త్రీ ఒంటరిగా వినిపించిన హదీసును, స్త్రీ అన్న ఒక్క కారణంతో ముహద్దిసులు తోసిపుచ్చలేదు. హదీసులు కల్పించి దొరికిపోయిన స్త్రీ ఒక్కతె కూడా తనకు తెలియదని ఇమామ్ జహబీ అంతటివారు రాశారు. పురుషుల విషయంలో అలా రాయగలిగే అవకాశం ఆయనకు దొరకలేదు. 11వ శతాబ్దంలో మక్కాలో కరీమా అనే విదుషి సహీహ్ బుఖారీ బోధిస్తుంటే దూరదేశాల నుంచి పండితులు వచ్చి కూర్చునేవారు. ధర్మాన్ని మోయడానికి చాలిన బుద్ధి, తన నికాహ్‌కు 'సరే' అనో 'వద్దు' అనో చెప్పడానికి చాలదా?

కన్య మౌనమే అంగీకారమన్న హదీసును నాకు ఎదురు చూపుతారు. ఆ హదీసు మొదటి భాగమే ఆమెను అడగకుండా నికాహ్ చేయరాదన్నది. సిగ్గుపడే ఇష్టానికి ఇచ్చిన వెసులుబాటు మౌనం. భయానికి వేసిన ముసుగు కాదు. ఖన్సా బింత్ ఖిదామ్ (రజి) అనే అన్సారీ స్త్రీకి ఆమె తండ్రి ఇష్టంలేని పెళ్లి చేస్తే, ఆమె వచ్చి చెప్పుకోగా ప్రవక్త (స) ఆ నికాహ్‌ను రద్దు చేశారు. నసాయీలో మరొక అమ్మాయి ఉదంతం ఉన్నది: పరువు నిలుపుకోవడానికి తండ్రి ఆమెను అన్న కొడుకుకు కట్టబెట్టాడు. నిర్ణయం ఆమె చేతికి వచ్చాక, ఆ పెళ్లిని తాను ఒప్పుకుంటున్నాననీ, అయితే ఈ విషయంలో స్త్రీలకు హక్కున్నదో లేదో తెలుసుకోవాలనే వచ్చాననీ చెప్పింది. ఆ అమ్మాయి ఎంత తెలివైనది! మన హనఫీ ఫిఖ్హ్‌లో యుక్తవయసు వచ్చిన స్త్రీని బలవంతంగా నికాహ్ చేసే అధికారం తండ్రికి లేదు. మన జిల్లాల్లో అత్యధికులం హనఫీలమే. నమాజులో చేతులు ఎక్కడ కట్టాలన్నదానికి మసీదుల్లో తగవులాడే మనం ఈ ఒక్క మస్‌అలాలో మాత్రం ఏ మజ్‌హబ్‌కూ చెందము.

బరీరా (రజి) సంగతి కూడా చెప్పక తప్పదు. ఆమె బానిసత్వం నుంచి విముక్తి పొందాక భర్త ముగీస్‌ను విడిచిపెట్టాలనుకున్నది. అతడు మదీనా వీధుల్లో ఆమె వెంట తిరుగుతూ గడ్డం తడిసేలా ఏడ్చాడు. ప్రవక్త (స) జాలిపడి, తిరిగి అతనితో ఉండరాదా అని ఆమెను అడిగారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమే అన్నారు. అయితే నాకు అతను అక్కరలేదన్నది. అక్కడితో విషయం ముగిసింది. ఆమెను ఎవరూ నిందించలేదు. ఈ ఉదంతంలో హృదయంతో ఆలోచించినదెవరు, బుద్ధితో ఆలోచించినదెవరు? వక్త గారు తీరిక చేసుకుని చెప్పాలి.

ఈ వాదన నాతో మొదలైనదేమీ కాదు. దేవ్‌బంద్‌లో పుట్టి లాహోర్‌లో స్థిరపడిన సయ్యద్ ముంతాజ్ అలీ 1898లో 'హుఖూఖె నిస్వాఁ' అనే ఉర్దూ గ్రంథం ప్రచురించారు. పురుషాధిక్యానికి చెప్పే కారణాలను ఒక్కొక్కటిగా తీసి విచారించారు. దేహబలమే ఆధిక్యమైతే గాడిద మనకన్నా ఎక్కువ బరువు మోస్తుంది కదా అన్నది ఆయన తర్కం. ఆ రాతప్రతిని అంతకుముందు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌కు చూపితే ఆ మహానుభావుడు ఆగ్రహించి చెత్తబుట్టలో పడేశారని ప్రతీతి. ముంతాజ్ అలీ దాన్ని తీసి భద్రపరిచి, సర్ సయ్యద్ మరణించాక అచ్చు వేశారు. అదే ఏడాది ఆయన భార్య ముహమ్మదీ బేగం సంపాదకత్వంలో 'తహజీబె నిస్వాఁ' పత్రిక మొదలైంది. మన హైదరాబాదులో సుగ్రా హుమాయూన్ మీర్జా పత్రిక నడిపింది, ఆడపిల్లల బడి పెట్టింది. నూట పాతికేళ్ల కిందట జవాబు చెప్పేసిన వాదనకు షాదీఖానాలో ఇంకా 'సుబ్‌హానల్లాహ్' పలుకుతున్నాము. సర్ సయ్యద్ అంతటి సంస్కర్తే ఈ ఒక్క గుమ్మం దగ్గర ఆగిపోయాడంటే సామాన్యులమైన మన సంగతి చెప్పేదేమున్నది?

నిర్ణయాల భారం నుంచి స్త్రీని కాపాడతామనేవారు ఏ నిర్ణయాల నుంచి కాపాడతారో రెవెన్యూ కార్యాలయంలో కూర్చుని నేను చూశాను. తండ్రి చనిపోతే వారసుల ధ్రువపత్రం కోసం కొడుకులు వస్తారు. కుమార్తెలు లేరా అని అడిగితే 'ఉన్నారు సార్, పెళ్లిళ్లయిపోయాయి' అంటారు, పెళ్లయితే వారసత్వం రద్దవుతుందన్నట్టు. దివ్యఖుర్ఆన్ నిసా సూరాలో వాటాలు లెక్కగట్టి, కొంచెమైనా ఎక్కువైనా స్త్రీకి భాగం తప్పదని నిర్దేశించింది. 1937 షరీఅత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. 1949లో మద్రాసు ప్రభుత్వం సవరణ చేసి ఆ మినహాయింపును తొలగించింది. ఆంధ్ర, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. చట్టమూ అడ్డు లేదు, షరీఅతూ అడ్డు లేదు. అడ్డున్నది మనమే. షరీఅత్‌ను ఎవరైనా తాకితే వీధుల్లోకి వచ్చే మనం, ఎకరం భూమి దగ్గర షరీఅత్‌ను మనమే పక్కన పెడతాము. కావాలంటే మహర్‌ను చూడండి. సియాహాలో రాసిన మహర్ చాలా ఇళ్లలో భర్త జనాజా దగ్గర 'మాఫ్ చేశానని చెప్పమ్మా' అన్న మాటతో తీరిపోతుంది. జోడా సొమ్ము మాత్రం నిశ్చితార్థం రోజే లెక్కపెట్టి తీసుకుంటారు.

ఇతరులను అనడానికి ముందు నా సంగతి చెప్పాలి. మా నాన్నగారు మూడెకరాల మెట్ట వదిలి పోయారు. అమ్మ అంతకుముందే పోయింది. నేను, నా చెల్లెలు. ఆమె వాటా ఎకరం. హక్కు విడుదల పత్రం నేనే రాశాను. ఆ నమూనా నాకు కంఠతా వచ్చు కదా. చెల్లెలు పండుగకు వచ్చినప్పుడు వంటింట్లో రొట్టెలు చేస్తుండగా కాగితం పట్టుకెళ్లాను. 'ఇక్కడ సంతకం పెట్టు' అన్నాను. చేయి తుడుచుకుని పెట్టింది. ఏమిటని అడగలేదు. నేను చెప్పలేదు. 'నా చెల్లెలికి ఆస్తి మీద ఆశ లేదు, అమాయకురాలు' అని పదకొండేళ్లు గొప్పగా చెప్పుకున్నాను. హజ్‌కు దరఖాస్తు పెట్టే ముందు మనసు నిలవక, ఎకరం ఆమె పేర రాస్తానని వెళ్లాను. అప్పుడు ఆమె అన్నది: 'భాయిజాన్, ఆ రోజు అది ఏ కాగితమో నాకు తెలుసు. అడిగితే మీ ఇంటి గడప నాకు మూసుకుపోతుందేమోనని అడగలేదు.' నేను అమాయకత్వమని పేరు పెట్టుకున్నది లెక్క తెలిసిన జాగ్రత్త. పుట్టింటి ద్వారానికి, ఎకరం భూమికి మధ్య ఆమె తూకం వేసి చూసుకున్నది. ఆ తూకంలో హృదయమెంతో బుద్ధి అంత ఉన్నది.

దాంపత్య సంగతి రాయడానికి ఈ పత్రికలో ఇంతవరకు చాలామంది వెనుకాడారు. నేనూ వెనుకాడుతూనే రాస్తున్నాను. ధర్మానికి ఈ విషయంలో లేని సిగ్గు మనకెందుకు? రాయచోటి, కడప ప్రాంతాల నుంచి వేలాది మంది కువైట్‌కు వెళ్తున్నారు. పెళ్లయిన నెలా రెండు నెలలకే వెళ్లి, రెండు మూడేళ్లకు ఒకసారి వచ్చే భర్తలు మా వీధిలోనే ఉన్నారు. వెనుక మిగిలిన ఆ యువతికి కోరిక ఉంటుందని, ఒంటరితనం ఉంటుందని ఒప్పుకోవడం మన ఇళ్లలో నిషిద్ధం. పురుషుడి కోరిక ప్రకృతి. స్త్రీ కోరిక ఫిత్నా. ఖలీఫా ఉమర్ (రజి) ఒక రాత్రి గస్తీ తిరుగుతూ, సైన్యంలో ఉన్న భర్త కోసం విలపిస్తున్న ఒక స్త్రీ గొంతు విన్నారు. ఆయన ఆమెను మందలించలేదు. కూతురు హఫ్సా (రజి) వద్దకు వెళ్లి, స్త్రీ భర్తకు దూరంగా ఎన్నాళ్లు ఓర్చుకోగలదని అడిగారు. ఆమె చెప్పిన జవాబును బట్టి సైనికుల సెలవులకు గడువు విధించారు. నాలుగు నెలలని కొందరు, ఆరు నెలలని కొందరు చెప్పారు. భార్యకు దూరంగా ఉంటానని ప్రమాణం చేసిన భర్తకు బఖరా సూరా నాలుగు నెలలే గడువిచ్చింది. ఇమామ్ గజాలీ 'ఇహ్యా'లో పడకటింటి మర్యాదల గురించి రాస్తూ, భార్య తృప్తిని పట్టించుకోకుండా భర్త తన తృప్తితో తొందరపడరాదన్నారు. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందటి మాట. నేటి దాంపత్య సలహాదారులు కొత్తగా కనిపెట్టినట్టు చెప్పేది మన ఇమాములు రాసిపెట్టారు. మనం ఆ పేజీలు తిప్పలేదు.

మా పొరుగింటి కోడలు మూర్ఛలు వచ్చి పడిపోతుండేది. భర్త కువైట్‌లో మూడేళ్లు. అసర్ సోకిందన్నారు. ఆమిల్ దగ్గరకు మూడుసార్లు తీసుకెళ్లారు. తావీజులకు, నీళ్లకు, మేకపోతుకు పంపిన డబ్బంతా అయిపోయింది. చివరకు నేను, నా భార్య కలిసి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాము. మానసిక వైద్యురాలు అత్తగారిని బయట కూర్చోబెట్టి ఆ అమ్మాయితో ఒంటరిగా ముప్పావుగంట మాట్లాడింది. అంతసేపు ఎవరైనా తన మాట వినడం పెళ్లయ్యాక అదే మొదటిసారని తర్వాత నా భార్యతో చెప్పింది. మూర్ఛలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. భర్త ఫోన్‌లో నాతో విమాన టికెట్ ఖరీదు గురించి వాదించాడు. అతడినీ పూర్తిగా తప్పుపట్టలేను, ఒక గదిలో ఎనిమిది మందితో కలిసి ఉంటాడు. 'నేనూ మనిషినే కదా చాచా' అన్నాడు, అని వెంటనే నవ్వి మాట మార్చాడు. మగవాడికి బాధ ఉండకూడదని మనమే నేర్పాము. ఈ దేశంలో ఆత్మహత్య చేసుకునేవారిలో ప్రతి పదిమందిలో దాదాపు ఏడుగురు పురుషులని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. తన బిడ్డ ఇబ్రాహీం చనిపోయినప్పుడు ప్రవక్త (స) కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మన కొడుకులకు ఆ సున్నత్ నేర్పలేదు.

అన్నట్టు, అదే కడప జిల్లా నుంచి ఇంటిపని కోసం ఒంటరిగా కువైట్ వెళ్లే స్త్రీలూ ఉన్నారు. భాష రాని దేశంలో జీతం కోసం యజమానితో బేరమాడి, ఇక్కడ ఇల్లు కట్టించి, తమ్ముళ్లను చదివిస్తారు. వారు పంపిన సొమ్ముతో కట్టిన ఇళ్లలో కూర్చునే, స్త్రీ నిర్ణయాలు తీసుకోలేదని మనం మాట్లాడుకుంటున్నాము.

ఇదంతా రాస్తే ఒక ఆక్షేపణ తప్పకుండా వస్తుంది: 'కాలం బాగాలేదు. శత్రువుల చేతికి కత్తి ఇస్తున్నావు.' ఈ మాటను నేను తేలికగా తీసుకోను. ముస్లిం స్త్రీ మీద ప్రేమ ఒలకబోసేవారి ప్రేమ ఎలాంటిదో చూశాము. 2021లోనూ, 2022 కొత్త సంవత్సరం రోజునా మన ఆడబిడ్డల, జర్నలిస్టుల, ఉద్యమకారిణుల ఫొటోలు పెట్టి 'వేలం' వేసిన దుర్మార్గం చూశాము. స్త్రీని శరీరంగా కుదించి ఒక సమాజాన్నే అవమానించే ఆ మానసిక రోగానికి బలైనది నోరున్న స్త్రీలే. కర్ణాటకలో 2022లో తలమీద గుడ్డ ఉన్నందుకు విద్యార్థినులను కళాశాల గేటు బయట నిలబెట్టారు. కొందరికి పరీక్షలు పోయాయి. సుప్రీంకోర్టులో ఆ ఏడాది అక్టోబర్ 13న ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు ఇచ్చారు. ఆ పిల్లల పక్షాన మనం ఏమని వాదించాము? అది వారి ఎంపిక, వారి విజ్ఞత, వారి హక్కు అన్నాము. నేనూ మా కలెక్టరేట్ ఎదుట ఆ ప్లకార్డు పట్టుకుని నిలబడ్డాను. గేటు దగ్గర ఆమెకు ఎంచుకునే బుద్ధి ఉన్నదని కోర్టుకు చెప్పినవాళ్లం, ఇంటికి వచ్చి ఆమె పెళ్లి విషయంలో ఆ బుద్ధి లేదని ఏ ముఖంతో అంటాము? ప్రభుత్వం ఆమె చదువు ఆపితే వివక్ష, తండ్రి ఆపితే ఫిత్రత్. కత్తిని శత్రువు చేతికి ఇస్తున్నది ఈ రెండు నాల్కల ధోరణే.

ఇంతకీ చేయవలసింది పెద్ద విప్లవమేమీ కాదు. మా మసీదు కమిటీ ముందు నేను ఒక కాగితం పెట్టాను. నికాహ్‌కు కనీసం వారం ముందు, చదువుకున్న ఒక పెద్ద వయసు స్త్రీ వధువుతో ఒంటరిగా మాట్లాడాలి. ఇంట్లోవారెవరూ ఆ గదిలో ఉండరాదు. ఆమె అంగీకారాన్ని, చదువు గురించి ఆమె కోరిన షరతులను ఆమె చేతివ్రాతతో రాయించి ఖాజీ గారికి ఇవ్వాలి. నికాహ్‌నామాలో షరతులు రాసుకోవడం మన ఫిఖ్హ్‌కు కొత్త కాదు. అలాగే మసీదు పరిధిలో ఎవరు మరణించినా నలభై రోజుల్లోగా కుమార్తెల వాటా ఎంతో లెక్కగట్టి కుటుంబానికి రాతపూర్వకంగా చెప్పాలి. ఆ లెక్క ఉచితంగా కట్టి ఇవ్వడానికి నేను సిద్ధం. ఆ పాపం నాకు బాగా తెలిసిన పని గనుక ఆ పుణ్యానికీ నేనే తగినవాణ్ణి.

కమిటీలో పదకొండు మందిమి. నలుగురు సరేనన్నారు. ఇద్దరు కోపగించుకుని లేచిపోయారు. మిగిలినవారు ఉలమాలను అడిగి చెబుతామన్నారు. వాయిదా పడిన ఆ కాగితం వచ్చే నెల మొదటి జుమా తర్వాత మళ్లీ చర్చకు వస్తుంది. ఆ వధువు తండ్రి కూడా కమిటీ సభ్యుడే. మొన్న దారిలో కనిపించి, కూతురు పరీక్ష ఫీజు కట్టడానికి అల్లుడు ఒప్పుకున్నాడని, హాల్‌టికెట్ తానే తెచ్చిస్తానని చెప్పాడు. కాగితం గురించి నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.